మంచం మోసిన నలుగురు

బైబిలు పాఠము – ఆరోగ్య పాఠము
చదువవలసిన భాగము: మార్కు సువార్త 2:1-12
కంఠస్థ వాక్యము: గలతీయులకు 6:2



ఎంత సంపాదించినా చివరికి మోయడానికి నలుగురు కావాలని మన పెద్దలు అంటుంటారు. అది పాడె మోసే నలుగురి గురించిన మాట. కపెర్నహూములో నలుగురు మనుష్యులు ఊపిరి ఉన్న మనిషినే మోశారు. పక్షవాయువు గలవాడు తనంతట తాను ప్రభువు దగ్గరకు రాలేడు. తలుపు దగ్గర జనము కిక్కిరిసి ఉన్నారు. అయినా వారు వెనుదిరగలేదు. ఇంటికప్పు విప్పి, పరుపుతో సహా అతనిని క్రిందికి దించారు. ప్రభువు వారి విశ్వాసము చూచాడని మార్కు వ్రాశాడు. ఆ విశ్వాసము వారి భుజాల మీద కనబడింది. శిష్యత్వము అంటే అదే.

ప్రతి ఆదివారము మన ఆలయంలో రోగుల పేర్లు చదివి ప్రార్థిస్తాము. అది మంచిదే. కాని సోమవారము వారి మంచం ఎవరు మోస్తున్నారు? క్షయ వ్యాధిని, అంటే టి.బి.ని, ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్న ఆలోచిద్దాము.

1. మంచం ఇంటికి వచ్చింది

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీ సంఘాలు కలిసి క్షయ రోగుల కొరకు శానిటోరియం ప్రారంభించాయి. అప్పట్లో ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం – ఇవే ముఖ్యమైన వైద్యం. రోగులు ఇల్లు విడిచి నెలల తరబడి అక్కడ ఉండేవారు. తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధనలో కొందరికి శానిటోరియంలోను, కొందరికి ఇంటి దగ్గరను అవే మందులు ఇచ్చి చూశారు. ఇంటి దగ్గర వాడినవారికి కూడ దాదాపు అంత బాగానే నయమైందని 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ విధంగా రోగి మంచం ఇంటికి వచ్చింది. నర్సమ్మ దగ్గరుండి చూచుకొనే పనిలో చాలా భాగం ఇప్పుడు కుటుంబము మీద, సంఘము మీద ఉంది.

2. దారి మధ్యలో దించవద్దు

మందులకు లొంగే సాధారణ క్షయకు 6 నెలల చికిత్స. మొదటి 2 నెలలు 4 రకాల మందులు, తరువాత 4 నెలలు 3 రకాల మందులు ప్రతిరోజు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితము. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి కాస్త ఒళ్లు చేస్తాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బాగయ్యింది కదా అని మాత్రలు మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మళ్ళీ పెరిగి, ఆ మందులకు లొంగకుండా మారవచ్చు. మానివేయడమంటే మంచాన్ని కప్పు మీద వరకు మోసి అక్కడ వదిలివేయడమే.

3. ప్రార్థనా? మాత్రా?

"స్వస్థత ప్రార్థన చేయించాము. ఇంకా మాత్ర వేసుకుంటే అవిశ్వాసము కాదా?" అని కొందరు అడుగుతారు. రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయము చూడండి. హిజ్కియాను బాగుచేస్తానని దేవుడు వాగ్దానము చేశాడు. ఆ తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానము ఉంది, మందు కూడ ఉంది. కాబట్టి ప్రార్థించి మాత్ర ఇవ్వండి. ఉపవాస కూటముల రోజులలో కూడ మాత్ర మానకూడదు. రోగి ఉపవాసము ఉండదలిస్తే ముందుగా డాక్టరుగారిని అడగాలి.

4. నలుగురు చేయవలసిన పని

మొదటివారు ప్రతిరోజు మాత్రలు వేసుకొనేటట్లు చూడాలి. మూత్రం ఎర్రగా వస్తే సాధారణంగా అది మందు రంగే. కళ్ళు పచ్చబడినా, వాంతులు తగ్గకపోయినా, చూపు మందగించినా వెంటనే డాక్టరుగారికి చూపించాలి.

రెండవవారు ఆహారము చూడాలి. గుడ్డు, పప్పు, పాలు అందేటట్లు చేయాలి. క్షయ రోగుల ఆహారానికి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన క్రింద 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేనివారికి తోడు వెళ్ళి తెరిపించండి.

మూడవవారు ఆసుపత్రికి తోడు వెళ్ళాలి. ఆ ఇంటిలోని పిల్లలను, పెద్దలను కూడ పరీక్షకు తీసుకొని వెళ్ళాలి. ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి.

నాల్గవవారి పని కష్టమైనది. రోగి సిగ్గును తీసివేయాలి. క్షయ గాలి ద్వారా, దగ్గు తుంపరల ద్వారా వస్తుంది. కంచం, గ్లాసు, కరచాలనము ద్వారా రాదు. కంచం వేరు చేయనక్కరలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటే, కిటికీలు తెరచి ఉంచితే మేలు. మొదటి వారాలలో, డాక్టరుగారు చెప్పేవరకు, రోగి ఆలయానికి రాకూడదు. అప్పుడు సంఘమే వెళ్ళాలి, గాలి వచ్చే వసారాలో కూర్చొని ప్రార్థించాలి. కోడలికి జబ్బు అని తెలియగానే పుట్టింటికి పంపేవారు, పెళ్ళి సంబంధము చెడుతుందని కూతురి దగ్గు దాచేవారు మన సంఘాలలోనే ఉన్నారు. ఎందుకు? మంచం మోయవలసిన మనము చాడీలు మోస్తున్నాము గనుక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో చాలాకాలంగా ఆరాధనకు రానివారు ఎవరు? వారి ఇంటికి ఎవరైనా వెళ్ళారా?
2. ఈ నాలుగు పనులలో నేను చేయగలిగినది ఏది?
3. ఒక రోగి తన జబ్బు పేరు మన ముందు భయము లేకుండా చెప్పగలడా?

ప్రార్థన: ప్రభువా, మేము నీ కొరకు పాడే పెదవులతో పాటు రోగిని మోసే భుజాలను కూడ మాకు దయచేయుము. మందు వేసుకొనేవారికి ఆరు నెలల ఓర్పును, వారి ప్రక్కన నడిచేవారికి అంతే ఓర్పును అనుగ్రహించుము. ఆమేన్.