సుమ్మాదేవి నుంచి భూటాన్‌కు కారులో

ప్రశ్న: మాది పలాస దగ్గర సుమ్మాదేవి. జీడి పిక్కల పని మొదలయ్యేలోగా నేనూ మా ఆవిడా సొంత కారులో విదేశం చూసి రావాలనుకుంటున్నాం. ఎక్కడికి వెళ్లొచ్చు?

జవాబు: భూటాన్ వెళ్లండి. అక్కడా ఎడమవైపే నడపాలి, మన రూపాయలు చెల్లుతాయి, వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చాలదు. పలాస మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిలోనే కోల్‌కతా చేరతారు. ఆపైన సిలిగురి, జైగావ్. సరిహద్దు గేటు దాటితే భూటాన్‌లోని ఫుంత్‌షోలింగ్. రానూపోనూ దారికే ఆరు రోజులు ఉంచుకోండి. నడిపేది మీరొక్కరే అయితే రాత్రి ప్రయాణం వద్దే వద్దు.

2022 సెప్టెంబరు నుంచి అక్కడ మనవాళ్లకు తలకు రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది. ఫుంత్‌షోలింగ్ దాటి లోపలికెళ్లే మన కార్లకు రోజుకు 4,500 పెట్టారు. అంటే ఐదు రాత్రులకు మీ ఇద్దరికీ 12,000 అయితే, ఆరు రోజులకు కారుకే 27,000! బయలుదేరే ముందు రేట్లు సరిచూసుకోండి. నన్నడిగితే కారు జైగావ్‌లో ఉంచి, లోపల అక్కడి టాక్సీలో తిరగడం మేలు.

కాదు, నేనే నడుపుతానంటారా? మామూలు బీమా మన దేశం వరకే. భూటాన్‌కూ వర్తించేలా కంపెనీతో అదనపు ఎండార్స్‌మెంటు రాయించుకోండి. దిగుడు దారిలో బ్రేకు మీదే కాలుంచకుండా రెండో గేరులో దిగండి.

అక్టోబరులో మన తీరానికి తుపాన్ల భయం. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11నే కదా. నవంబరు చివర బయలుదేరండి. ఆకాశం తేటగా ఉంటే దోచులా కనుమ నుంచి మంచు కొండల వరుస కనిపిస్తుంది. ఉన్ని బట్టలు మరవకండి.