గౌరామి మింగే గాలి, గోల్డ్‌ఫిష్ జుర్రే నీరు

చిన్నా,

కాదు, ఆ రెండు చేపలూ ఒకే పని చేయడం లేదు. గౌరామి పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగి కిందికి వెళ్లిపోతోంది. గోల్డ్‌ఫిష్ మాత్రం నీటి అంచునే వేలాడుతూ నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నీకు రెండూ ఊపిరాడక కొట్టుకుంటున్నట్టే కనిపించాయి, వెంటనే మందు సీసా వంచేశావు. అంత తొందరేమిట్రా? అందులో ఫార్మలిన్ ఉంటే, నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజనూ తగ్గిపోతుంది. పైకొచ్చిన చేప ఏం చేస్తోంది, ఎంతసేపు ఉంటోంది, మళ్లీ మామూలుగా తిరుగుతోందా అన్నవి చూశాకే మందు మాట.

గౌరామికి మొప్పల పైన, తలలోనే ఒక గది ఉంటుంది. దాని లోపలి మడతల నిండా సన్నని రక్తనాళాలు. మింగిన గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలో కలుస్తుంది. ఫైటర్‌కీ, పారడైజ్ ఫిష్‌కీ ఇదే ఏర్పాటు. 1869లో పారిస్‌లో పియెర్ కార్బోనియర్ పారడైజ్ చేపల్ని పెంచి పిల్లలు పెట్టించాడు. కరెంటు ఎయిర్ పంపులు లేని ఆ రోజుల్లో ఈ గుణం వాటికి ఎంతో కలిసొచ్చింది.

అంత దూరం ఎందుకు, తెలంగాణ రాష్ట్ర చేప కొరమీనునే చూడు. మార్కెట్లో తొట్టి అడుగున కాసిని నీళ్లున్నా గంటల తరబడి బతికే ఉంటుంది. అదే కొరమీనును పైకి రానివ్వకుండా వలతో నీటి కిందే ఆపేస్తే, నిండు చెరువులోనైనా ఊపిరాడక చచ్చిపోతుంది. ఎదిగిన కొరమీనుకు మొప్పలొక్కటే చాలవు. గౌరామికీ పై గాలి కావాలి, అందుకే అది ఉన్న ట్యాంకును మూత దాకా నింపకూడదు, మధ్యలో గాలికి చోటుండాలి.

కోరిడోరాస్ అనే చేప తీరు ఇంకో వింత. అడుగు నుంచి బాణంలా దూసుకొచ్చి గాలి మింగి పారిపోతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పేగుతో పీల్చుకుంటుంది. అప్పుడప్పుడూ అయితే భయం లేదు, మాటిమాటికీ అయితే నీళ్లు బాగాలేవు.

ఇక గోల్డ్‌ఫిష్. దానికలాంటి గది లేదు. అది జుర్రుకునేది గాలిని ఆనుకుని ఉన్న పలుచటి నీటి పొరను, ఎందుకంటే ఆక్సిజన్ అక్కడే ఎక్కువ. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.5కు పడిపోతుంది. తేడా చిన్నదే, కానీ నీరు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. చల్లని నీళ్లు కోరే గోల్డ్‌ఫిష్‌ను గౌరామితో కలిపి పెట్టడం అసలే తప్పు. దాని సంగతి ఇంకో ఉత్తరంలో తేలుద్దాం.

రాత్రంతా మొక్కలు, చేపలు, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువ. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో బొచ్చె, రాగండి తేలాయంటే రైతు పరుగెత్తి ఏరేటర్లు వేయించేది ఆ వేళకే. మన గోల్డ్‌ఫిష్‌దీ ఆ కుటుంబమే.

పగలు, నీరు బాగా కదులుతున్నా చేప పైనే ఉందంటే చూపు మొప్పల మీదికీ, నీటి మీదికీ మళ్లాలి. కొత్త ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ పేరుకుంటాయి. నైట్రైట్ ఎక్కిన రక్తం గోధుమరంగుకు తిరిగి ఆక్సిజన్‌ను మోయలేదు. అప్పుడు పంపులు ఎన్ని పెట్టినా సరిపోవు, నీరు మార్చాల్సిందే.

ఇవాళ మూడో వంతు నీరు తీసి, క్లోరిన్ పోగొట్టిన, అదే వేడి ఉన్న నీరు పోయ్. ఫిల్టర్ నీరు పైపొరను కదిలించేలా తిప్పు. బుడగల అందం కంటే ఆ కదలికే ముఖ్యం. ఒక రోజు మేత మానెయ్. అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చెయ్. రేపు తెల్లవారుజామున లైటు వేయకముందే చూసి, పైకొచ్చేది ఒక్క గోల్డ్‌ఫిషేనా, మిగతావీ వస్తున్నాయా అన్నది పరీక్ష అంకెలతో పాటు రాసి పంపు.

మీ తాతయ్య