హుషారు శబ్దం: రెండో హెడ్‌ఫోన్ కొనే ముందు

మన క్యాంపస్‌లో ఇప్పటికే అందరి చెవుల్లోనూ ఒక జత ఉంది. అది చాలామందికి మెడలో వేసుకునే నెక్‌బ్యాండో, డబ్బాలో పెట్టి ఛార్జి చేసుకునే బుల్లి బడ్సో. బాస్ దంచి కొడుతుంది, ఫోన్లు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. అయినా కొన్నాళ్ళకి ఒక వెలితి మొదలవుతుంది. పాట వినిపిస్తోంది గానీ లేచి రావట్లేదు, పైన దుప్పటి కప్పినట్టు ఉంది. అప్పుడు పుడుతుంది ఆలోచన: "ఇంకోటి కొనాలిరా, కాస్త హుషారుగా ఉండేది. రెండు వేలు దాటకూడదు."

ఈ వ్యాసం ఆ రెండు వేల గురించే. హాస్టల్లో ఉండేవాళ్ళకి అది చిన్న మొత్తమేం కాదు. కాబట్టి అది దేనికి పోతోందో లెక్క తెలిసి పోతే నయం.

ముందు ఈ "హుషారు" ఎక్కడుంటుందో చూద్దాం. డప్పు దెబ్బలోని గుండె అదిరే భాగం 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గొంతులోని నిండుదనం కొన్ని వందల హెర్ట్జ్‌లలో ఉంటుంది. మాట స్పష్టత, మృదంగం మీద వేలు తగిలిన చురుకు, వీణ తీగ మీటిన క్షణం, ఇవన్నీ 2,000 నుంచి 5,000 మధ్య. తాళాల గలగల 8,000 పైన. మన చెవికి ఆ మూడు వేల ప్రాంతమంటే ప్రత్యేకమైన మక్కువ. ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక చివర మూసిన గొట్టం లెక్క గుర్తుందా? చెవి రంధ్రం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, లోపలి చివర కర్ణభేరి మూత. 343ని 4 × 0.025తో భాగిస్తే 3,430. అంటే ఆ చుట్టుపక్కల శబ్దాన్ని చెవి తనంతట తానే పెంచుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో అక్కడ గొయ్యి ఉంటే పాట పడుకుంటుంది. అక్కడ మరీ గుట్ట ఉంటే తల పోటు వస్తుంది.

మరి దుప్పటి ఎందుకొస్తుంది? ట్రెబుల్ తక్కువై అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు బాస్ ఎక్కువై వస్తుంది. గట్టిగా మోగే తక్కువ పౌనఃపున్యం తన పైనున్న వాటిని కప్పేస్తుంది. కింద నుంచి పైకి కప్పినంత సులువుగా పైనుంచి కిందకి కప్పలేదు. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉబ్బిన బాస్ ఉంటే గొంతు, తీగలు, తాళాలు అన్నీ దాని నీడలో పడతాయి.

అయితే ఆ ఉబ్బు తయారుచేసినవాడి తెలివితక్కువ కాదు. గుడివాడ జంక్షన్‌లో బందరు, భీమవరం, బెజవాడ వైపు బళ్ళు కలుస్తాయి. రోజూ వాటిల్లో వచ్చిపోయేవాళ్ళు మనలో బోలెడుమంది. రైలు పెట్టెలో ఉండే రొద ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యాలదే, అది పాటలోని బాస్‌ని మింగేస్తుంది. అక్కడ మీ నెక్‌బ్యాండ్ సరిగ్గా సరిపోయినట్టు ఉంటుంది. అదే జతతో రాత్రి పదకొండింటికి గదిలో వింటే మింగేవాడు లేడు, బాస్ అంతా మీద పడుతుంది. ఇక్కడే రెండో జత లెక్క తేలుతుంది. అది మొదటిదానికన్నా "మంచిది" కానక్కర్లేదు, మొదటిది చెయ్యలేని పని చెయ్యాలి. ప్రయాణానికి ఒకటి, నిశ్శబ్దానికి ఒకటి. రెండోసారి కూడా అదే రకం బాస్ బడ్స్ ఇంకో రంగులో కొనడమంటే నా దృష్టిలో డబ్బు దండగ.

కొనేముందు ఖర్చులేని ప్రయోగం ఒకటుంది. ఫోన్‌లో ఈక్వలైజర్ తెరిచి, ట్రెబుల్ పెంచకుండా, 100 నుంచి 250 మధ్య గీతల్ని మూడు నాలుగు డెసిబెల్స్ దించండి. మొదట చప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే మొత్తం శబ్దం తగ్గింది. వాల్యూమ్ కాస్త పెంచి మునుపటి స్థాయికి తెచ్చాకే పోల్చాలి. ఈ సమం చేసుకోవడం చాలా ముఖ్యం. ఒక డెసిబెల్ ఎక్కువ మోగినా మన బుర్ర దాన్ని "ఇది గట్టిగా ఉంది" అనుకోదు, "ఇది బాగుంది" అనుకుంటుంది. స్నేహితుడి హెడ్‌ఫోన్ మనదానికన్నా హుషారుగా తోచడానికి సగం కారణం ఇదే కావచ్చు. వారం రోజులు ఆ అమరికతో వినండి. దుప్పటి తొలిగిపోతే మీ రెండు వేలు మీ దగ్గరే ఉన్నట్టు.

దేంతో పరీక్షించాలి? మనం సాహిత్యం క్లబ్బు వాళ్ళం కాబట్టి నేను మొదట ఒక పద్యం వింటాను. సంగీతం లేకుండా మంచి గొంతు చదివిన పద్యం ఏదైనా సరే. శ, ష, స మూడూ విడివిడిగా వినపడాలి. 'స'లోని గాలి 'శ'లోని గాలికన్నా పైన, అయిదారు వేల హెర్ట్జ్ దాటి ఉంటుంది. రెండూ ఒకేలా వినిపిస్తే ఆ జతలో పైభాగం చచ్చిపోయిందని అర్థం. ప్రతి 'స' సూదిలా గుచ్చితే ఎక్కువైందని అర్థం. రెండోది హుషారు కాదు, అరగంటలో విసుగొస్తుంది.

తర్వాత ఘంటసాల. గుడివాడకి దగ్గర్లోని చౌటపల్లిలో 1922లో పుట్టినాయన, మనూరి పాట అనుకుని వినండి. మాయాబజార్ (1957)లో పి. లీలతో కలిసి పాడిన పడవ పాట పెట్టండి. అది మోనో రికార్డింగు, రెండు చెవులకీ ఒకటే శబ్దం. ప్రకటనల్లో చెప్పే విశాలమైన "సౌండ్‌స్టేజ్" ఇక్కడ చేసేదేం లేదు. పైగా ఆ కాలపు రికార్డింగుల్లో బాగా పై పౌనఃపున్యాలు పెద్దగా ఉండవు. 10,000 దగ్గర పెంచితే వచ్చేది గరగర మాత్రమే. పాటకి ప్రాణం పోసేది మధ్యభాగం. ఇళ్ళల్లో పాత పాటలు వింటూ పెరిగినవాళ్ళు ట్రెబుల్ మెరుపుకి మోసపోకుండా 2,000 - 4,000 ప్రాంతం శుభ్రంగా ఉన్నదే చూసుకోవాలి. ఆ తర్వాత శంకరాభరణం (1980)లో మృదంగం, చివరికి ఆర్ఆర్ఆర్ (2022)లో ఆ ఇద్దరి డాన్స్ పాట. ఈ చివరిదాంట్లో డప్పుల కింద కూడా మాటలు తెలిస్తే ఆ జత పాసయినట్టే.

ఇక కొనడం. రెండో జతకి వైరుదే తీసుకోమంటాను. బ్యాటరీ, బ్లూటూత్ చిప్పు, మైకులు, డబ్బా, వీటన్నిటికీ పోయే డబ్బు వైరుదాంట్లో శబ్దానికే మిగులుతుంది. వీడియోకీ మాటకీ తేడా రాదు కూడా. ఫోన్‌కి 3.5 మి.మీ. రంధ్రం లేకపోతే టైప్-సి డాంగిల్ ఖర్చు ముందే కలుపుకోండి. చెవిలో పెట్టుకునేవాటిల్లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటివి బాస్ మితంగా, గొంతు ముందుకు ఉండేలా చేసినవి. తెరిచి ఉండే రకంలో కాస్ కంపెనీ కె.ఎస్.సి. 75 పాతకాలం నుంచీ పేరున్నది. చెవికి తగిలించుకునే క్లిప్పులాంటిది. లోతైన బాస్ రాదు, శబ్దం బయటికీ పోతుంది, లైబ్రరీలో పెడితే పక్కవాడు లేచి వెళ్తాడు. గదిలో మాత్రం గాలాడే శబ్దం. ధరలు వారానికోలా మారతాయి కాబట్టి కొనేరోజే చూసుకోండి. చెవిలో పెట్టుకునేవాటిని విప్పాక చాలామంది వెనక్కి తీసుకోరు, ఆ షరతు ముందే చదవండి. రబ్బరు టిప్పు సైజు సరిపోక గాలి పోతే బాస్ మాయమవుతుంది. దాన్నే "క్లియర్‌గా ఉంది" అనుకునేవాళ్ళున్నారు. డబ్బాలో ఇచ్చిన మూడు సైజులూ మార్చి చూశాకే తీర్పు చెప్పండి.

కొందరు సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ స్టూడియో హెడ్‌ఫోన్‌కి ఆశపడతారు. ఇక్కడ ఓమ్ నియమం తియ్యాలి. ఫోన్ గానీ డాంగిల్ గానీ 0.5 వోల్ట్ ఇస్తుందనుకుందాం. కె.ఎస్.సి. 75 నిరోధం 60 ఓమ్‌లు. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే దాదాపు 4.2 మిల్లీవాట్లు. ఒక మిల్లీవాట్‌కి 101 డెసిబెల్స్ ఇచ్చే జత కాబట్టి 107 వరకూ వెళ్తుంది, కావలసినదానికన్నా ఎక్కువే. అదే బేయర్‌డైనమిక్ డి.టి. 990 ప్రో 250 ఓమ్‌ల రకమైతే సరిగ్గా 1 మిల్లీవాట్, 96 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. పాట సగటు స్థాయి శిఖరాలకన్నా పదిహేను డెసిబెల్స్ కింద ఉంటే మిగిలేది 81. వినిపిస్తుంది, కానీ నెమ్మదిగా రికార్డు చేసిన పాత పాటలకి చాలదు. అప్పుడు ఆంప్లిఫయర్ కొనాలి, బడ్జెట్ గోవిందా.

ఆ 81 అంకె ఇంకో లెక్కకీ పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సురక్షిత పరిమితి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. 90 దగ్గర 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే శక్తి పది రెట్లు, కాబట్టి సమయం పదో వంతు. రైల్లో రొదని మించి వినాలని నెక్‌బ్యాండ్‌ని చివరిదాకా పెంచేవాళ్ళకి ఆ నాలుగు గంటలు రెండు మూడు ప్రయాణాల్లోనే అయిపోవచ్చు. మాట స్పష్టంగా వచ్చే జతైతే గదిలో రెండు మెట్లు తగ్గించినా పాట పడిపోదు. కొత్త జత వచ్చిన రోజున ఫోన్‌లో వాల్యూమ్ గీత ఎక్కడుందో చూసి, పాతదాని స్థానంతో పోల్చుకోండి.