మోచేతి నొప్పికి పట్టీ కట్టు విధము

వరంగల్లు ప్రాంతమున ప్రత్తి, మిరప చేలకు మందు కొట్టు దినములలో, వీపున తగిలించుకొను చేతిపంపు మీటను ప్రొద్దంతయు ఆడించిన రైతులు పలువురు మోచేతి వెలుపలి ఎముకయొద్ద నొప్పియని మాతో చెప్పుచుందురు. చెంబెత్తినను, తడిబట్ట పిండినను చేయి సలుపును. టెన్నిసు మోచేయి యనునది యిదియే. 2004లో సచిన్ టెండూల్కరును బాధించినదియు నిదియే. అయినను ఆ ఆట ఆడనివారికే యిది యెక్కువ.

మణికట్టును పైకెత్తు కండరములు ఈ యెముకకే అంటియుండును. పిడిని గట్టిగ పట్టినప్పుడెల్ల ఆ అంటు లాగబడి చెడును. పట్టీ ఆ లాగుడును కొంత ఆపును.

మొదట మేమును పొరబడితిమి. నొప్పియున్న యెముకపైననే బిగించి, సాయంకాలమునకు వ్రేళ్లు తిమ్మిరెక్కగా విప్పితిమి. పట్టీని ఎముకకు రెండు వ్రేళ్ల క్రింద, ముంజేతి వెలుపలి కండపై కట్టవలెను. పిడికిలి సడలించి కట్టి, పిమ్మట బిగించినచో ఒత్తు తెలియవలెను, అంతకుమించి కూడదు. పనివేళ ధరించి, పండుకొనునపుడు తీసివేయుడు.

పట్టీ పని సాగుటకు తోడ్పడునేగాని నొప్పిని మాన్పదు. కట్టితిమిగదా యని రెండింతలు పనిచేసినవారికి బాధ ముదిరినది. చేతులు మార్చి మీట కొట్టుట, అరచేయి పైకుండునట్లు బరువెత్తుట మేలు. స్టీరాయిడు సూదిమందు తొలివారములలో సుఖమిచ్చినను, పిమ్మట నొప్పి తిరుగబెట్టుట కలదు. చాలమందికి ఏడాదిలోపల దానంతటనే తగ్గును. మెడనుండి నొప్పి దిగినను, పట్టు సడలి వస్తువులు జారిపోవుచున్నను, కీలు వాచినను పట్టీతో కాలము పుచ్చక వైద్యునికి చూపవలెను.