పట్టికలో ఒక పేరు

పాఠ్యభాగ ఉద్దేశం

చరిత్ర అంటే రాజుల కథ మాత్రమే కాదు. ప్రభుత్వ పట్టికలో ఒకే ఒక వరుసగా మిగిలిన సామాన్యుని జీవితం కూడా చరిత్రే. ఆ వరుసను శ్రద్ధగా చదివే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన ప్రాచీన కావ్యాలలో అవతారికకు ప్రత్యేక స్థానం ఉంది. కృతిపతి వంశాన్ని కవి మూలపురుషుని మొదలుకొని అందులో వర్ణిస్తాడు. రాజు దానమిస్తే శాసనం వెలసింది. మంత్రి కృతినందితే అతని వంశక్రమం పద్యాలలో నిలిచింది. ఆ రాజ్యంలో పొలం దున్నిన రైతుకు, ఆ మంత్రి పల్లకి మోసిన బోయీకి అవతారిక రాసినవారు లేరు. మూడు తరాలు గడిస్తే వారి పేర్లు మనుమల నోట కూడా నిలవవు. మరి సామాన్యుని వంశచరిత్రను ఎక్కడ వెదకాలి?

కొన్ని దేశాలలో జనాభా లెక్కలు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతున్నాయి. ఇంగ్లండులో జనగణన 1801లో ఆరంభమైంది. 1841 నుండి ప్రతి వ్యక్తి పేరునూ నమోదు చేశారు. 1851 నుండి ఇంటి యజమానితో బంధుత్వం, జన్మస్థలం కూడా చేరాయి. ఈ పత్రాలను నూరేళ్ళు గోప్యంగా ఉంచి, ఆ తరువాత ప్రజలకు అందుబాటులోకి తెస్తారు.

1851 పట్టికలో ఒక వ్యవసాయ కూలీ ఇంట అయిదేళ్ళ బాలుడు కనిపించాడనుకుందాం. 1861లో అతడు అదే ఊరిలో పశువుల కాపరి. 1871లో ఆ ఊరి పట్టికలో అతని పేరు లేదు. నూలుమిల్లులున్న ఒక పట్టణంలో భార్యతో కాపురమున్నట్లు తెలుస్తుంది. 1881లో అతని పేరు ఎక్కడా లేదు. భార్య పేరు పక్కన ‘వితంతువు’ అని ఉంది. ఇలా నాలుగు పట్టికలలో ఒక జీవితం ముగుస్తుంది. రెండు లెక్కల నడుమ పుట్టి, మరుసటి లెక్కకు అందకముందే కన్నుమూసిన బిడ్డ మాత్రం ఏ పట్టికలోనూ కనిపించదు. కొన్ని సందర్భాలలో పట్టికలే మిగలవు. ఇంగ్లండు, వేల్సుల 1931 నాటి జనగణన పత్రాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి. యుద్ధం కారణంగా 1941లో లెక్కే జరగలేదు.

భారతదేశంలో తొలి జనగణన 1872లో జరిగింది. 1881లో దేశమంతటా ఒకే సమయాన లెక్క తీశారు. గణకులు ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసుకొన్నారు. కాని సంఖ్యలను కూడిన తరువాత వ్యక్తుల పత్రాలను శాశ్వతంగా భద్రపరచే పద్ధతి ఇక్కడ ఏర్పడలేదు. 1948 నాటి జనగణన చట్టం వ్యక్తుల వివరాలను పరిశీలనకు అందనివ్వదు. అందుచేత మన ముత్తాత ఆ మొత్తంలో ఒక సంఖ్యగా ఉన్నాడే కాని, పేరుతో లేడు.

అయితే, సొంత ఊరిలో పేరు మిగలని తెలుగు కూలీకి సముద్రం దాటిన చోట పేరు మిగిలింది. చెరకు తోటలలో పనిచేయడానికి కూలీలను తీసుకొని ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఈ వలస 1866లో ఆగి, 1874లో తిరిగి మొదలై, 1911 వరకు సాగింది. మొత్తం 1,52,000 మందికి పైగా నేటాల్ వెళ్ళారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్టణం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు.

ప్రతి ఓడకూ ఒక పట్టిక ఉండేది. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు అందులో రాసేవారు. కూలీని గౌరవించడానికి ఈ వివరాలు రాయలేదు. ఒప్పందానికి కట్టుబడిన మనిషిని గుర్తుపట్టడానికి రాశారు. నేడు అక్కడి మునిమనుమలకు పూర్వికుని గురించి మిగిలిన లిఖిత సాక్ష్యం తరచుగా ఆ ఒక్క వరుసే.

ఆ వరుసను చదవడానికి ఓర్పు కావాలి. గుమస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగు పేర్లు గుర్తుపట్టలేనంతగా మారాయి. వయస్సు తరచుగా అంచనా మాత్రమే. ‘గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా’ అని ఉంటే, పూర్వికుని ఊరు నేటి ఒడిశాలో ఉందని పొరబడే అవకాశం ఉంది. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం గంజాం నుండి విడివడి విశాఖపట్టణం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఊరు ఉన్నచోటనే ఉంది. జిల్లా పేరు మారింది.

ఇంత చెప్పిన పట్టిక ముఖ్యమైన మాట చెప్పదు. ఆ మనిషి ఊరు ఎందుకు విడిచాడు? కరవు తరిమిందా, అప్పు తరిమిందా, దళారి మాటలు నమ్మాడా? పొలిమేర దాటేనాడు తల్లికి ఏమని చెప్పాడు? వీటికి పట్టికలో గడి లేదు. కుటుంబంలో తరతరాలుగా చెప్పుకొన్న మాట మాత్రమే ఈ ఖాళీని కొంత పూరించగలదు. ఆ మాటకు ఆధారం పట్టికలోనే వెదకాలి. ఈ రెండూ ఒకదానికొకటి తోడు.

మన గ్రామాలలో భూమి ఉన్నవారి పేర్లు అడంగల్‌లో, పహాణీలో దొరుకుతాయి. చదువుకొన్నవారి పేర్లు బడి ప్రవేశ పట్టికలో ఉంటాయి. భూమీ చదువూ లేనివారికి, ముఖ్యంగా స్త్రీలకు, ఆ ఆధారమూ అరుదే. వారి పేర్లు నేడు తాతయ్య, అమ్మమ్మల జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. అమ్మమ్మను ఆమె తల్లి పేరు, పుట్టిన ఊరు, చేసిన పని అడిగి ఒక కాగితం మీద తేదీతో రాసి ఉంచితే, రేపటి తరానికి అదే ఆ ఇంటి అవతారిక అవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అవతారిక = కావ్యానికి పీఠిక
కృతిపతి = కావ్యాన్ని అంకితం పొందినవాడు
గణకుడు = లెక్క తీసేవాడు
గోప్యం = రహస్యం
పొలిమేర = ఊరి సరిహద్దు

ప్రశ్నలు

1. ఇంగ్లండు, భారతదేశాల జనగణన పత్రాలకు గల భేదాన్ని వివరించండి.
2. నేటాల్ ఓడ పట్టికలను చదవడంలో ఎదురయ్యే ఇబ్బందులేమిటి?
3. ‘పట్టికలో గడి లేదు’ – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
4. మీ ఇంటి పెద్దలనడిగి మూడు తరాల వివరాలు సేకరించి రాయండి.