రాడార్ తెర మీద చుక్క: ఓడలు ఢీకొనకుండా తప్పుకునే లెక్క



గుణదలలో బస్సు దిగేటప్పుడు మనమందరం పలికే పేరు పడవల రేవు. ఇప్పుడక్కడ పడవలూ లేవు, రేవూ లేదు. పేరు మాత్రం మిగిలింది. ఒకప్పుడు ఏలూరు కాలువ కృష్ణా గోదావరులను కలుపుతూ సరుకు పడవలను మోసింది. కాలువలో ఎదురుపడ్డ రెండు పడవలు తప్పుకోవడానికి ఒక కేక, ఒక లాంతరు సరిపోయేవి. సముద్రంలో, అందులోనూ పొగమంచులో, అవి చాలవు. అక్కడ పనికొచ్చే సాధనం రాడార్. మన హాస్టల్లో బందరు వైపు నుంచి, దివిసీమ నుంచి వచ్చి చదివినవారు ఉన్నారు. గిలకలదిండి నుంచి పడవలు వేటకు వెళ్ళే సముద్రంలోనే విశాఖపట్నం, చెన్నై రేవుల మధ్య తిరిగే పెద్ద ఓడలు కూడా పోతాయి. కావున ఇది మనకు దూరపు విషయం కాదని భావించి ఈ పాఠం రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. రాడార్ అనగానే మచిలీపట్నంలోని వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ గుర్తుకు వస్తుంది. అది మేఘాలను, తుఫానులను చూసేది. మేము చెప్పబోయేది ఓడ మీద గిర్రున తిరిగే రాడార్ గురించి. మూల సూత్రం రెండింటికీ ఒకటే. యాంటెన్నా నుంచి రేడియో తరంగాల పల్స్ వెళుతుంది, ఎదుటి వస్తువుకు తగిలి ప్రతిధ్వనిలాగా తిరిగి వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం, ఆ క్షణంలో యాంటెన్నా తిరిగి ఉన్న వైపును బట్టి దిక్కు తెలుస్తాయి. రేడియో తరంగాల వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. 1 నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు. అంత దూరంలోని ఓడకు తగిలి తరంగం తిరిగి రావడానికి 12 మైక్రోసెకన్ల పైచిలుకు పడుతుంది. మీరే భాగించి చూసుకోండి.

ఓడలు ఢీకొనకుండా చూడాలనే కోరిక రాడార్ అనే పేరు కంటే పాతది. 1904లో జర్మనీలో క్రిస్టియన్ హుల్స్‌మేయర్ అనే యువకుడు కొలోన్ నగరంలో రైన్ నది వంతెన దగ్గర తన యంత్రాన్ని ప్రదర్శించాడు. నదిలో పడవ వచ్చినప్పుడు తరంగం తిరిగొచ్చి గంట మోగింది. అప్పటికి అతని వయస్సు 22. ఓడల కంపెనీలు మాత్రం దానిని కొనలేదు.

ఇక అసలు సంగతి. రాడార్ మనకు చూపేది ఎదుటి ఓడ ఇప్పుడు ఎక్కడ ఉందో మాత్రమే. మనకు కావలసింది అది కాసేపటికి ఎక్కడ ఉంటుందన్నది. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే రాడార్ ఉండి కూడా ప్రమాదమే. 1956 జులై 25 రాత్రి అమెరికా తూర్పు తీరంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. రెండింటిలోనూ రాడార్లు పనిచేస్తున్నాయి, రెండూ ఒకదానినొకటి చాలా దూరం నుంచే చూశాయి. ఆండ్రియా డోరియా పొగమంచులో ఉంది. ఎదుటి ఓడ తన కుడి పక్కగా పోతుందని తలచి కొద్దిగా ఎడమకు తిరిగింది. చుక్క కదలికను కాగితం మీద గీసి చూడలేదు. స్టాక్‌హోమ్ వారు ఎదుటి ఓడ తమకు ఎడమ పక్కన ఉందనుకుని కుడికి తిరిగారు. 51 మంది చనిపోయారు.

మరి ఎలా గీయాలి? ఇంటర్ భౌతికశాస్త్రంలో సాపేక్ష వేగం అనే పాఠం ఉంది కదా. వాన, గొడుగు లెక్క. మేము దానిని మార్కుల కోసం చదివి వదిలేశాము. ఓడ మీద అధికారులు రోజూ చేసేది ఆ లెక్కనే.

గ్రాఫు కాగితం తీసుకోండి. 1 సెంటీమీటరు 1 మైలు. మధ్యలో మన ఓడ, ఉత్తరం వైపు 12 నాట్ల వేగంతో, అనగా గంటకు 12 నాటికల్ మైళ్ళు పోతోంది. సరిగ్గా ఈశాన్యంలో 10 మైళ్ళ దూరంలో ఒక చుక్క కనిపించింది. 6 నిమిషాల తర్వాత అదే ఈశాన్యంలో 9 మైళ్ళు, 12 నిమిషాలకు 8 మైళ్ళు. మూడు గుర్తులూ కలిపితే గీత తిన్నగా మన మీదికే వస్తుంది. దిక్కు మారకుండా దూరం తగ్గుతూ ఉంటే ఢీకొనడం ఖాయం. కాలువ గట్టున సైకిలు తొక్కేటప్పుడు పక్క సందులోంచి వచ్చే సైకిలు మన హ్యాండిలుకు ఎప్పుడూ అదే మూలన కనిపిస్తుంటే ఇద్దరం మలుపులో పడతాము. ఇదీ అంతే. 12 నిమిషాలకు 2 మైళ్ళు తగ్గాయి కాబట్టి గంటకు 10. మిగిలిన 8 మైళ్ళకు 48 నిమిషాలు.

తెర మీద ఆ ఓడ నైరుతి వైపు వస్తున్నట్లు కనిపిస్తుంది. నిజంగా అటు పోతోందా? మొదటి గుర్తుకు 'క', చివరి గుర్తుకు 'గ' అని పేరు పెట్టండి. 12 నిమిషాల్లో మన ఓడ 2.4 మైళ్ళు పోయింది. 'క' నుంచి మన దారికి వెనుక వైపుగా, అనగా దక్షిణానికి, 2.4 సెంటీమీటర్లు కొలిచి 'చ' పెట్టండి. 'చ' నుంచి 'గ'కు గీసిన గీతే ఆ ఓడ అసలు దారి. కొలిస్తే సుమారు 1.7 సెంటీమీటర్లు, గంటకు 8.6 మైళ్ళు. దిక్కు వాయవ్యానికి కాస్త పడమరగా. నైరుతికి వస్తోందనుకున్న ఓడ నిజానికి మన ముందు నుంచి అడ్డంగా ఎడమకు పోతోందన్నమాట. ఇప్పటి రాడార్లలో కంప్యూటరు ఈ త్రిభుజాన్ని తానే గీసి, ఎంత దగ్గరగా వస్తుందో, ఎన్ని నిమిషాల్లో వస్తుందో అంకెలతో చూపిస్తుంది. అయినా చేత్తో ఒకసారి గీసినవాడికే ఆ అంకెలు అర్థమవుతాయని మా అభిప్రాయం.

1972 అంతర్జాతీయ నియమాల ప్రకారం, ఎదురెదురుగా కంటికి కనిపిస్తూ వచ్చే ఓడలు రెండూ కుడికి తిరగాలి. అడ్డంగా వచ్చే ఓడ మన కుడి వైపున ఉంటే తప్పుకోవలసింది మనమే. పొగమంచుకు వేరే నియమం ఉంది. అందులోనూ ముందు వైపునున్న ఓడ కోసం ఎడమకు తిరగడం సాధారణంగా కూడదు. తిరిగేటప్పుడు కొంచెం కొంచెంగా తిరగకూడదు. ఎందుకో పై లెక్కలోనే తెలుస్తుంది. ఆ ఓడ 6 మైళ్ళ దూరంలో ఉండగా మనం కుడికి 5 డిగ్రీలు తిరిగితే అర మైలు కూడా ఎడం ఉండదు. ఎదుటి వారికి మనం తిరిగినట్లే తెలియదు. 60 డిగ్రీలు తిరిగితే సుమారు 4 మైళ్ళ ఎడంతో దాని వెనుక నుంచి పోతాము.

ఇంత ఉన్నా ప్రమాదాలు ఆగలేదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొని, ఒలికిన చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. 2012 మార్చి 1న కేరళ తీరంలో ఓడ తగిలి చేపల పడవలోని 5గురు మరణించారు.

చేపల పడవల సంగతి విడిగా చెప్పాలి. ఇనుప ఓడ తరంగాన్ని గట్టిగా తిప్పికొడుతుంది. కర్ర, ఫైబరు అలా తిప్పికొట్టలేవు. పైగా చిన్న పడవ నీటికి అంటుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న అలలు కూడా తెర మీద చుక్కలుగానే కనిపిస్తాయి. ఆ గజిబిజి తగ్గించడానికి ఓడలో ఒక మీట ఉంటుంది. దానిని ఎక్కువ తిప్పితే అలలతో పాటు పడవ కూడా తెర మీంచి చెరిగిపోతుంది. పెద్ద ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో చెప్పుకునే ఏఐఎస్ అనే పరికరం ఉంది గానీ, అది ఉన్నవాడినే అది చూపిస్తుంది. అందుకే నియమాలు రాడార్‌తో పాటు కంటితో, చెవితో కాపలా ఉండాలని అంటాయి. పడవ వారు చేయగలిగింది కూడా ఉంది. మూడు లోహపు రేకులను ఒకదానికొకటి లంబంగా, గది మూలలాగా బిగిస్తే, ఆ మూలలో పడ్డ తరంగం మూడు రేకులకూ తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అలాంటి మూలలను కలిపి చేసినదే రాడార్ రిఫ్లెక్టర్. దానికి కరెంటు అక్కరలేదు. కర్రకు కట్టి ఎత్తుగా పెడితే చాలు, చిన్న పడవ తెర మీద కాస్త పెద్ద చుక్క అవుతుంది.

చివరగా ఒక లెక్క. మన ఓడ అదే 12 నాట్లతో ఉత్తరానికి పోతోంది. సరిగ్గా ఎదురుగా 5 మైళ్ళలో ఒక చుక్క. 12 నిమిషాల తర్వాత అదే దిక్కున 2.6 మైళ్ళు. చూడబోతే గంటకు 12 మైళ్ళ వేగంతో మన మీదికి దూసుకొస్తోంది. పైన చెప్పినట్లే గీయండి. 'చ', 'గ' ఒకే చోట పడతాయి, గీత గీయడానికి ఏమీ మిగలదు. అంటే ఆ చుక్క అసలు కదలడం లేదు. ఇంజను ఆపి, వల వేసుకుని ఉన్న పడవ కావచ్చు. ఓడ తిరగకపోతే దానిని చేరడానికి 13 నిమిషాలు.