సూర్యుడి నుంచి గాలివాన

గాలివాన అంటే చెరుకుపల్లి వైపు వాళ్లకు కొత్త కాదు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది చనిపోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి చేలు నేలకొరిగాయి. కానీ ఈసారి హెచ్చరిక ముందే వచ్చింది. లోతట్టు ఊళ్ల వాళ్లను ముందే ఖాళీ చేయించారు.

ఇంకో రకం తుఫాను ఉంది. అది సముద్రంలో పుట్టదు. సూర్యుడిలో పుడుతుంది. దాన్ని సౌర తుఫాను అంటారు.

మబ్బు లేదు, వాన లేదు. ఇదేం తుఫాను?

సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పొయ్యి మీద ఎసరులా ఎప్పుడూ కుతకుతలాడుతుంటాడు. అక్కడి నుంచి కంటికి కనపడని వేడి రేణువులు అన్ని వైపులకూ వీస్తుంటాయి. ఇదే సౌర గాలి. ఒక్కోసారి పెద్ద ముద్ద ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అది మనవైపు వస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది.

భూమి ఒక పెద్ద సూదంటురాయి. దీన్నే పుస్తకాల్లో అయస్కాంతం అంటారు. దిక్సూచి ముల్లు ఉత్తరం వైపు తిరిగేది ఇందువల్లే. చేనుకు కంచె ఉన్నట్టు భూమి చుట్టూ ఈ అయస్కాంత బలం ఉంది. సౌర గాలిని అది పక్కకు మళ్లిస్తుంది.

రెండు సూదంటురాళ్లు తీసుకోండి. ఒక తీరున పెడితే అతుక్కుంటాయి. తిప్పి పెడితే తోసుకుంటాయి. సూర్యుడి నుంచి వచ్చే ముద్దలోనూ అయస్కాంత బలం ఉంటుంది. దాని దిక్కు ఉత్తరమైతే ముద్ద చాలావరకు పక్కనుంచి పోతుంది. దక్షిణమైతే కంచెలో సందు చేసుకుంటుంది. అప్పుడే పెద్ద కలత రేగుతుంది.

ముందే కచ్చితంగా చెప్పలేరా?

కాలువలో రెండు గడ్డిపరకలు పక్కపక్కనే వేయండి. కొంత దూరం కలిసే పోతాయి. తర్వాత ఒకటి సుడిలో చిక్కుకుంటుంది. ఇంకోటి పొలాల దాకా పోతుంది. మొదట వాటి మధ్య బెత్తెడు తేడా కూడా లేదు. పోనుపోను ఆ చిన్న తేడాయే పెద్దదయింది. నీళ్లు తమ పద్ధతి తప్పలేదు. మొదటి తేడాను సరిగ్గా కొలవడం మన వల్ల కాలేదు, అంతే. ఆకాశంలో రేగే కలత కూడా ఇలాంటిదే.

కాలువ గట్టునూ చూడండి. నీళ్లు నిండేకొద్దీ గట్టు తెగుతుందని తెలుసు. ఏ నిమిషాన, ఏ చోట తెగుతుందో చెప్పలేం. భూమికి రాత్రివైపు ఆ అయస్కాంత బలం తోకలా సాగి ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చిన శక్తి అందులో నిండుతుంది. నిండి నిండి ఒక్కసారిగా తెగుతుంది. అందుకే శాస్త్రవేత్తలు "రావచ్చు" అంటారు.

దెబ్బ ఎవరికి?

నేల మీద ఉన్న మనిషి ఒంటికి ఏమీ కాదు. దెబ్బ యంత్రాలకు. 1989 మార్చి 13న కెనడా దేశంలోని క్యూబెక్ రాష్ట్రంలో కరెంటు పోయింది. 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. 2024 మే 10, 11 తేదీల్లో మరో పెద్ద తుఫాను వచ్చింది. లడఖ్‌లోని హాన్లే ఊళ్లో రాత్రి ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో కొందరు రైతుల ట్రాక్టర్లు ఉపగ్రహాల సాయంతో నడుస్తాయి. అవి దారి తప్పడంతో వాళ్లు విత్తనం వేయడం ఆపుకున్నారు.

సముద్రంలో వేటకు పోయే బోట్లకూ ఉపగ్రహాలే దారి చూపుతాయి. ఆ పెట్టెను జీపీఎస్ అంటారు. సౌర తుఫాను రోజు జీపీఎస్ తప్పు చోటు చూపవచ్చు. ఆ రోజు దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. దిక్సూచి, తీరపు గుర్తులు కూడా చూసుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలిస్తే వేటకు పోయేవాళ్లకు చెప్పగలరు.

మంచె మీద కావలి

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 అనే ఉపగ్రహం బయల్దేరింది. ఆ పనిని ముందుండి నడిపించింది ఒక మహిళ. ఆమె పేరు నిగర్ షాజీ. తమిళనాడు ఆమె సొంత రాష్ట్రం. 2024 జనవరి 6న ఉపగ్రహం తన చోటుకు చేరింది. ఆ చోటు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉంది. చేలో మంచె మీద కావలి ఉన్నట్టు అది అక్కడ కాపలా ఉంది. వచ్చే ముద్ద ముందు దాన్ని తాకుతుంది. దిక్కు ఉత్తరమా, దక్షిణమా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత భూమిని చేరడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. ఆ కాస్త సమయంలోనే కరెంటు వాళ్లు, ఉపగ్రహాల వాళ్లు జాగ్రత్త పడాలి.

పుకారు వస్తే?

"రేపు సౌర తుఫానంట, లోకం మునిగిపోద్దంట" అని ఎవరైనా అంటే భయపడకండి. ఫోన్‌లో వచ్చిన రాతను మీరే చదవండి. మూడు ప్రశ్నలు వేయండి.

1. ఇది ఎవరు చెప్పారు?
2. ఏ తేదీన చెప్పారు?
3. "రావచ్చు" అన్నారా, "వచ్చి తీరుతుంది" అన్నారా?

తెలిసినవాళ్లు తెలిసినంతే చెబుతారు. పుకారు అన్నీ తెలిసినట్టు చెబుతుంది.

కొత్త మాటలు
సౌర = సూర్యుడికి చెందిన
అయస్కాంతం = సూదంటురాయి
దిక్సూచి = దిక్కు చూపే పరికరం

ఖాళీలు నింపండి
1. సూర్యుడు మనకు ........ కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.
2. ఆదిత్య-ఎల్1 ........ నుంచి బయల్దేరింది.
3. సౌర తుఫాను దెబ్బ ........ తగులుతుంది.

మాట్లాడుకోండి
మీ ఊళ్లో తుఫాను హెచ్చరిక మొదట ఎవరికి అందుతుంది? అది ప్రతి ఇంటికీ చేరాలంటే ఏం చేయాలి?